లైబ్రరీలో కనిపించని వయసు

బాలల విభాగం దాటేశారు, పోటీ పరీక్షల గదికి ఇంకా చేరలేదు. 12 నుంచి 18 ఏళ్ల పాఠకులకు మన పౌర గ్రంథాలయాల్లో ఒక అర కావాలి. ఆ అరలో ఎవరి కథలు ఉండాలో తేల్చే పద్ధతి కూడా మారాలి.

జిల్లా కేంద్ర గ్రంథాలయంలో రద్దీ అంతా పోటీ పరీక్షల గదిలోనే. గ్రూప్స్‌కో, డీఎస్సీకో, కానిస్టేబుల్ ఉద్యోగానికో చదివేవాళ్లు తలుపులు తీయకముందే వచ్చి కుర్చీ పట్టుకుంటారు, మధ్యాహ్నం క్యారేజీ కూడా అక్కడే విప్పుతారు. పత్రికల బల్ల చుట్టూ రిటైరైన పెద్దలు. ‘బాలల విభాగం’ అన్న బోర్డు కింద పంచతంత్రం, తెనాలి రామలింగడు, బొమ్మల భారతం. ఈ మూడు చోట్లా వెతికినా కనిపించని వయసు ఒకటుంది. ఏడో తరగతి దాటి, ఇంటర్ ఇంకా ముగియని పిల్లలది ఆ వయసు. వాళ్లకు బొమ్మల కథలు చిన్నవైపోయాయి, జనరల్ స్టడీస్ గైడ్లతో ఇంకా పని పడలేదు, నవలల బీరువా వాళ్లను తలచుకుని సర్దింది కాదు. గ్రంథాలయ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య 12 నుంచి 18 ఏళ్ల వాళ్లను విడి పాఠకవర్గంగా గుర్తించి, వాళ్లకు అందించాల్సిన సేవల మీద వేరే మార్గదర్శకాలే రాసింది. మన దగ్గర ఆ వయసు పేరుతో ఒక బీరువా ఉండడమే అరుదు.

ఆ పిల్లల కోసం ఒక అర పెట్టాలంటే కాదనేవాళ్లు పెద్దగా ఉండరు. పేచీ అంతా అందులో ఏం పెట్టాలన్న దగ్గర మొదలవుతుంది. ఆదిలాబాద్ గోండు గూడెం నుంచి వచ్చిన పిల్ల, కర్నూలు పాత ఊళ్లో ఉర్దూ మాట్లాడే కుర్రాడు, దళితవాడ నుంచి బస్సెక్కి పాలిటెక్నిక్‌కు వెళ్లే అమ్మాయి, చూపు లేని ఇంటర్ విద్యార్థి, అపార్ట్‌మెంట్‌లో పుట్టి పల్లెను సినిమాల్లోనే చూసిన అబ్బాయి, వీళ్లందరికీ అక్కడ ఏదో ఒకటి దొరకాలి. అందుకు సదుద్దేశంతో ఒక విడత పుస్తకాలు కొనేస్తే చాలదు. ఎవరు ఎంచుతారు, దేన్ని బట్టి ఎంచుతారు, ఎంచినదాన్ని ఏడాది తర్వాత ఎవరు లెక్క చూస్తారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు ఉంటేనే వైవిధ్యం నాలుగు కాలాలు నిలుస్తుంది. లేకపోతే అది ప్రారంభోత్సవం నాటి ఫొటోతో సరి.

పన్ను అందరిదీ

ఈ కోరికకు పునాది ఎవరి దయాదాక్షిణ్యాల్లోనూ వెతకనక్కర్లేదు, ఇంటి పన్ను రసీదులోనే ఉంది. కోస్తా, రాయలసీమల్లో నడిచిన 1948 నాటి మద్రాసు చట్టాన్నీ, తెలంగాణలో నడిచిన 1955 నాటి హైదరాబాద్ చట్టాన్నీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం తెచ్చారు. దాని ప్రకారం ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. పంచాయతీ, మునిసిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. తండాలో రేకుల ఇల్లు కట్టుకున్న కుటుంబమైనా, నగరంలో మూడంతస్తుల యజమాని అయినా ఆ గడిలో ఎంతో కొంత కట్టక తప్పదు. పన్ను వేసేటప్పుడు ఏ గడపనూ వదలని వ్యవస్థ, పుస్తకాలు కొనేటప్పుడు కొన్ని గడపలనే గుర్తు పెట్టుకుంటే అది అన్యాయం. యునెస్కో పౌర గ్రంథాలయాల ప్రకటన 1994లోనూ, దాన్ని సవరించిన 2022లోనూ ఇదే చెబుతోంది: వయసు, లింగం, మతం, భాష, సామాజిక హోదా ఏదైనా సేవ అందరికీ సమానంగా అందాలి. భారత్ 1992లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 17వ అధికరణం పిల్లల పుస్తకాల ప్రచురణను, పంపిణీని ప్రోత్సహించడం ప్రభుత్వాల పని అంటుంది. అల్పసంఖ్యాక, ఆదివాసీ పిల్లల భాషా అవసరాలను విడిగా గుర్తు చేస్తుంది. ఆ ఒడంబడిక లెక్కలో 18 ఏళ్లు నిండని వాళ్లంతా పిల్లలే.

మన గ్రంథాలయోద్యమానికి ఈ ఆలోచన కొత్తేమీ కాదు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్లు నిజాం రాజ్యంలో తెలుగు చదువరికి చోటు లేదన్న లోటు చూసే పెట్టారు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిసింది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు, లైబ్రరీకి రాలేని రైతుల దగ్గరికి పుస్తకాలే వెళ్లాయి. ఎవరు రావడం లేదో గమనించి, వాళ్లను వెతుక్కుంటూ వెళ్లడమే ఆ ఉద్యమం పని తీరు. ఇవాళ రాని పాఠకులు ఎవరని అదే కన్నుతో చూస్తే మొదట కనిపించేది ఈ పిల్లలే.

అద్దె పుస్తకాల షాపు పోయాక

తెలుగు పిల్లలు ఆ వయసులో ఎన్నడూ చదవలేదనుకోవడం పొరపాటు. చదివారు, బోలెడు చదివారు. 1947 జులైలో మొదలైన ‘చందమామ’ పదేళ్ల వయసు దాకా చేయి పట్టుకుని నడిపించేది. ఆ తర్వాత పిల్లలు సొంతంగా దారి వెతుక్కున్నారు, ఆ దారి అద్దె పుస్తకాల షాపుకి వెళ్లింది. కాస్త డిపాజిట్ కట్టి, రోజుకింత అద్దె ఇచ్చి, మధుబాబు షాడో నవలలు, యద్దనపూడి నవలలు, యండమూరి థ్రిల్లర్లు తెచ్చుకుని పాఠ్యపుస్తకం మధ్యలో దాచి చదివారు. వారపత్రికల్లో సీరియల్ వచ్చే రోజు కోసం ఎదురు చూశారు. చదివే అలవాటును రెండు తరాలకు అంటించిన ఘనత ప్రభుత్వ గ్రంథాలయం కంటే ఆ చిన్న దుకాణాలదే ఎక్కువ. వాటికి తమ పాఠకుడెవరో తెలుసు. ఏ పుస్తకం అట్ట చిరిగిపోయిందో చూస్తే ఎవరికేం కావాలో తెలిసిపోయేది. మరుసటి వారం దానికి ఇంకో కాపీ వచ్చేది.

అయితే ఆ దుకాణంలో ఉన్న లోకం ఇరుకైనది. హీరోకి కారు, బంగళా ఉండేవి. హీరోయిన్ పేదదైనా పై కులాల ఇంటి వాతావరణమే కనిపించేది. చెప్పులు కుట్టే ఇంటి పిల్లాడు, నమాజుకు వెళ్లే తండ్రి, తండా పండుగ, చేనేత మగ్గం గుంట ఆ కథల్లో ఉంటే గింటే ఓ మూల నేపథ్యంగా ఉండేవి. వ్యాపారానికి అది తప్పు కాదు, ఎక్కువ అద్దె ఏది తెస్తే అదే పెట్టుకుంటారు. టీవీ వచ్చి, వారపత్రికలు ఒక్కొక్కటిగా మూతబడి, ఆ షాపులూ పోయాయి. వాటి చోటులోకి రావలసింది పౌర గ్రంథాలయం. లాభం చూసుకోనక్కర్లేని సంస్థ కాబట్టి దుకాణం వదిలేసిన కథలను కూడా అదే తేగలిగేది. అది రాలేదు. ఖాళీని ఇప్పుడు ఫోన్ నింపింది. చదివే అలవాటున్న కొద్దిమంది నగర పిల్లలకు ఇంగ్లిష్ ఫాంటసీ నవలలు, జపాన్ మాంగాలు దొరికాయి. తెలుగు మాధ్యమంలో చదివే పిల్లకు ఏమీ దొరకలేదు.

లెక్క తీస్తేనే తెలిసింది

పుస్తకాల్లో ఎవరు లేరన్నది మామూలుగా చూస్తే తెలియదు, లెక్కపెట్టాలి. ఈ పని అమెరికాలో ముందే జరిగింది. 1965లో నాన్సీ లారిక్ అనే విద్యావేత్త ‘సాటర్‌డే రివ్యూ’ పత్రికలో ఒక వ్యాసం రాశారు. 1962 నుంచి 1964 దాకా 63 మంది ప్రచురణకర్తలు వేసిన 5,206 పిల్లల పుస్తకాలు పరిశీలిస్తే, బొమ్మల్లోనో మాటల్లోనో ఒక్క నల్లజాతి మనిషైనా కనిపించినవి 349, అంటే 6.7 శాతం. అప్పటికి ఆ పుస్తకాలే అన్ని లైబ్రరీల్లోనూ ఉన్నాయి, అన్ని జాతుల పిల్లలూ అవే చదువుతున్నారు. చాలామందికి ఏ లోటూ తోచలేదు. ఇరవై ఏళ్ల తర్వాత, 1985లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని పిల్లల పుస్తకాల కేంద్రం మళ్లీ లెక్క తీసింది. ఆ ఏడు వచ్చిన సుమారు 2,500 పుస్తకాల్లో నల్లజాతి రచయితలో చిత్రకారులో చేసినవి 18. ఆ కేంద్రం అప్పటి నుంచి లెక్క ఆపలేదు. 1990లో రుడీన్ సిమ్స్ బిషప్ అనే పరిశోధకురాలు ఆ అంకెల వెనక ఉన్న అర్థాన్ని తేల్చి చెప్పారు. పిల్లలకు పుస్తకం తమను చూపించే అద్దంగానూ, ఇతరులను చూపించే కిటికీగానూ పనికిరావాలి, రెండిట్లో ఏది లేకపోయినా నష్టమే అన్నారు. తనను తాను ఎక్కడా చూసుకోని పిల్లకు ఈ సమాజంలో తన విలువ గురించి ఒక పాఠం అందుతుంది. ఎప్పుడూ తననే చూసుకునే పిల్లాడికి లోకమంతా తనలాగే ఉంటుందన్న అబద్ధం అందుతుంది.

ఆ అద్దాన్ని మన దగ్గరికి తెస్తే అందులో ఏ మొహాలు లేవో చెప్పడం కష్టం కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇళ్లలో తెలుగుతో పాటు వినిపించే భాషల్లో గోండి, కోయ, కొలామి, సవర, కువి, లంబాడీ, ఉర్దూ ఉన్నాయి. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో గోండి రాతప్రతులు దొరికాయి, ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. కానీ లిపి కంప్యూటర్‌లోకి వచ్చినంత మాత్రాన పద్నాలుగేళ్ల గోండు పిల్ల చదువుకునే కథ పుట్టదు. ఎవరో కొంటారన్న ధీమా ఉంటేనే ఎవరైనా అచ్చు వేస్తారు. ఆ ధీమా ఇవ్వగలిగిన కొనుగోలుదారు ఒక్క గ్రంథాలయ సంస్థే. ఆడపిల్లల సంగతి చూద్దాం. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20–24 ఏళ్ల మహిళల్లో 18 నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. పదో తరగతిలో ఉండగా ఇంట్లో సంబంధాలు చూస్తున్న అమ్మాయికి, చదువు కొనసాగించిన ఇంకో అమ్మాయి కథ కాలక్షేపం మాత్రమే కాదు. చూపు లేని పిల్లల విషయంలో చట్టం ఇప్పటికే దారి వేసి పెట్టింది. 2012 కాపీరైట్ సవరణ వికలాంగులకు అనువైన ప్రతులు చేసుకోవడానికి వీలు కల్పించింది, అలాంటి ప్రతుల కోసమే కుదిరిన మరాకేష్ ఒడంబడికను 2014లో మొదట ఆమోదించిన దేశం మనదే, 2016లో ‘సుగమ్య పుస్తకాలయ’ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం వచ్చింది. ఒక కంప్యూటర్, తెర మీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, నేర్పే మనిషి ఉంటే శాఖా గ్రంథాలయంలోనే ఆ తలుపు తీయొచ్చు.

పుస్తకాలు లేవా?

తెలుగులో ఆ వయసుకు తగ్గ పుస్తకాలు ఉంటే కదా కొనేది అన్న మాట తరచూ వినిపిస్తుంది. ఉన్నవేవో చూద్దాం. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ నెల్లూరు యాసలో, ఒక ముస్లిం ఇంటి పిల్లాడి నోట వస్తాయి. అమ్మానాన్నల తగవులు, నాయనమ్మ గద్దింపులు, బడి ఎగ్గొట్టడం అన్నీ నవ్విస్తూనే సాగుతాయి. పేదరికం, మతం వాటంతట అవే తెలుస్తాయి, ఎక్కడా ఉపన్యాసం ఉండదు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘మిట్టూరోడి కథలు’ చిత్తూరు పల్లె పిల్లకాయ లోకం. గోగు శ్యామల ‘ఏనుగంత తండ్రి కన్నా ఏకులబుట్టంత తల్లి నయం’ కథల్లో తెలంగాణ మాదిగ పల్లె ఆడపిల్లలు భయం లేకుండా నడుస్తారు. వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’కు 2012లో, మానస ఎండ్లూరి ‘మిళింద’కు 2020లో, రమేశ్ కార్తీక్ నాయక్ గోర్ బంజారా కథలు ‘ఢావ్లో’కు 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారాలు వచ్చాయి. అన్వేషి సంస్థ 2008లో తెలుగు, మలయాళం, ఇంగ్లిష్ భాషల్లో ‘డిఫరెంట్ టేల్స్’ అనే కథల వరుస తెచ్చింది. దళిత, ముస్లిం ఇళ్ల పిల్లలను నాయకులుగా పెట్టి రాయించిన కథలవి. అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’గా తెనిగిస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. అంతకు ముందు ఉప్పల లక్ష్మణరావు, ఆర్వీయార్ లాంటి వాళ్లు మాస్కోలో కూర్చుని అనువదించిన సోవియట్ పుస్తకాలు విశాలాంధ్ర ద్వారా పల్లెలకు కూడా చేరాయి. మంచు చూడని పిల్లలు ఆ మంచు దేశపు కథలు ఇష్టపడే చదివారు.

వీటిలో చాలా పుస్తకాలు టీనేజీ వాళ్ల కోసమని రాసినవి కావన్నది నిజం. అయితే ఆ పేరుతో విడి సాహిత్యం ముందుగా సిద్ధంగా ఉండి, తర్వాత లైబ్రరీ దాన్ని కొన్న చరిత్ర ఇంగ్లిష్‌లోనూ లేదు. 1930ల నుంచి బాల్టిమోర్ పౌర గ్రంథాలయంలో మార్గరెట్ ఎడ్వర్డ్స్ అనే లైబ్రేరియన్ పెద్దల పుస్తకాల్లోంచే ఆ వయసు వాళ్లకు నప్పేవి ఏరి, పిల్లల చేతిలో పెట్టేవారు. ఎస్.ఇ. హింటన్ టీనేజీలోనే రాసిన ‘ది అవుట్‌సైడర్స్’ 1967లో వచ్చేసరికి, దాన్ని అందుకునే పాఠకులను అలాంటి లైబ్రేరియన్లు తయారు చేసి ఉంచారు. ఎడ్వర్డ్స్ ముద్దుపేరుతోనే 1998 నుంచి అమెరికన్ గ్రంథాలయ సంఘం ‘అలెక్స్’ అవార్డులు ఇస్తోంది. పెద్దల కోసం వచ్చి, 12–18 ఏళ్ల వాళ్లకు నచ్చగల పది పుస్తకాలను ఏటా ఎంచడమే వాటి పని. తెలుగుకు ఇంతకన్నా సరిపోయే నమూనా దొరకదు. మన దగ్గర పిల్లాడో పిల్లో చెప్పినట్టు సాగే మంచి కథలు పెద్దల కథా సంపుటాల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. వాటిని ఏరే మనిషే లేడు.

కట్టలు పైనుంచి వస్తే

ఏరే మనిషి ఎందుకు లేడంటే, కొనుగోలు పద్ధతిలో అతనికి చోటు లేదు కాబట్టి. జాబితాలు ఎక్కువగా రాష్ట్ర స్థాయిలో తేలుతాయి. 1972లో కోల్‌కతాలో ఏర్పడిన రాజా రామమోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ మ్యాచింగ్ గ్రాంటుతో వచ్చేవి కూడా పై నుంచే వస్తాయి. శాఖా గ్రంథాలయంలో కూర్చున్న లైబ్రేరియన్‌కు మిగిలేది కట్ట విప్పి, ముద్ర కొట్టి, అక్సెషన్ నంబరు వేసి బీరువాలో సర్దడం. తన ఊళ్లో నేతపనివాళ్లు ఎక్కువా, గల్ఫ్ వెళ్లినవాళ్ల పిల్లలు ఎక్కువా, తండాలు ఎక్కువా అన్నది ఆ మనిషికి తెలిసినంతగా ఏ కమిటీకీ తెలియదు. ఆ తెలివికి కొనుగోలులో విలువ లేకుండా పోయింది. కొన్నేళ్లు అసలేమీ కొనకపోవడం, తర్వాత ఒక్కసారిగా కొనడం ప్రచురణకర్తలు ఎప్పటి నుంచో చెబుతున్న గోడు. ఇలాంటి కొనుగోలులో పెద్ద ప్రచురణకర్త నిలబడతాడు, అయిదు వందల కాపీలు వేసుకుని ఇంట్లో పెట్టుకున్న తండా రచయిత నిలబడలేడు. అక్కడ ఎవరికీ దురుద్దేశం ఉండనక్కర్లేదు, పద్ధతే ఒక వైపుకి ఒరిగి ఉంది. అందుకే మంచి జాబితా ఒకటి తయారు చేసి ఇస్తే సమస్య తీరుతుందన్న ఆశ నిలవదు. అన్ని కులాలకూ ప్రాంతాలకూ వాటా వేసి వంద పుస్తకాల జాబితా ఇచ్చినా, అది కూడా పైనుంచి దిగిన ఇంకో కట్టే అవుతుంది. అయిదేళ్లకు పాతబడుతుంది.

పక్క రాష్ట్రం ఒక అడుగు వేసి చూపించింది. కర్ణాటకలో 2020లో ‘ఓదువ బెళకు’ పేరుతో గ్రామ పంచాయతీ లైబ్రరీల్లో 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఉచిత సభ్యత్వం ఇచ్చారు. సభ్యత్వం ఇస్తేనే ఏమీ అయిపోదు కానీ, ఆ వయసు వాళ్లను లైబ్రరీ తన పాఠకులుగా పేరు రాసుకోవడం మొదటి మెట్టు. పేరు రాసుకున్నాక వాళ్లేం తీసుకెళ్తున్నారు, ఏం అడిగి లేదనిపించుకుంటున్నారు అన్న సంగతి రిజిస్టర్‌లోకి వస్తుంది. కొనుగోలుకు ఆధారం అక్కడ దొరుకుతుంది.

ఎదురు ప్రశ్నలు

ఈ వాదన మీద వచ్చే అభ్యంతరాల్లో బలమైనది సమయం గురించి. కార్పొరేట్ కాలేజీ హాస్టల్‌లో తెల్లారకముందు మొదలై రాత్రి దాకా స్టడీ అవర్లు, చేతికి ఫోన్ దొరికితే రీల్స్, ఇక కథల పుస్తకం ఎవరు చదువుతారని. హాస్టల్‌లో ఉన్న పిల్ల సాయంత్రం లైబ్రరీకి రాలేదన్నది ఒప్పుకోవాల్సిందే. రాలేని పాఠకుల దగ్గరికి వెళ్లే ఏర్పాటు మాత్రం మన వ్యవస్థలో ముందే ఉంది. పుస్తక నిక్షిప్త కేంద్రం అని దానికి పేరు. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు, సంక్షేమ గురుకులాలు, ప్రభుత్వ వసతి గృహాల్లో ఒక పెట్టె చొప్పున పెట్టి, నెలకోసారి మారిస్తే ఆదివారం మధ్యాహ్నాలు దానికి చాలు. ఫోన్ వల్ల చదువు పోయిందనే వాళ్లు ఇంకో సంగతి చూడాలి. ఆ ఫోన్‌లోనే పిల్లలు వందల పేజీల సీరియల్ కథలు చదువుతున్నారు. చదవడం వాళ్లు మానలేదు. లైబ్రరీకి పోతే తమకేమీ దొరకదని మాత్రం వాళ్లకు అనుభవమే.

రెండో అభ్యంతరం, కులం మతం పేరుతో బీరువాను కూడా చీలుస్తున్నారన్నది. ఆ మాట అనేవాళ్లు ఇప్పుడున్న బీరువా ఏ పక్షం లేకుండా ఉందని నమ్ముతున్నారు. తన ఇల్లు, తన వంట, తన పండుగ ప్రతి పుస్తకంలో కనిపించేవాడికి అది ఎవరి కథా కానట్టు, అందరి కథ అయినట్టు తోస్తుంది. లేనివాళ్లకు మాత్రం తాము లేమన్నది స్పష్టంగా తెలుస్తుంది. పైగా ఇక్కడ దేన్నీ తీసేయమని అడగడం లేదు. విశ్వనాథ, కొడవటిగంటి, శ్రీశ్రీ ఉన్నచోటే ఉంటారు, వాళ్ల పక్కకు మరికొందరు వస్తారు. ‘ఢావ్లో’ తండా పిల్లకు ఎంత అవసరమో విజయవాడ అపార్ట్‌మెంట్ అబ్బాయికీ అంతే. రేపు ఇద్దరూ ఒకే ఇంజినీరింగ్ కాలేజీలో ఒకే గదిలో ఉంటారు. అందుకే ఈ పుస్తకాలకు ‘దళిత సాహిత్యం’, ‘మైనారిటీ సాహిత్యం’ అని విడి మూలలు కట్టకూడదు, ఒకే అరలో కలిపి పెట్టాలి. ఇందులోనే ఇంకో జాగ్రత్త ఉంది. అణగారిన పిల్లలు కనిపించిన ప్రతిచోటా ఏడుపు, అవమానం, చావు మాత్రమే ఉంటే అదీ ఒక రకం వివక్షే. ఆ పిల్లలు దయ్యాన్ని చూసి పరిగెత్తాలి, దొంగను పట్టుకోవాలి, కబడ్డీ గెలవాలి, ప్రేమలో పడి నవ్వుల పాలు కావాలి. అలాంటి కథలు మన దగ్గర తక్కువ. ఆ తక్కువను గుర్తించి రాయించడం కూడా కొనుగోలుదారు చేయగల పని.

మూడోది తల్లిదండ్రుల భయం. శరీరం, ప్రేమ, లైంగికత, మత హింస ఉన్న పుస్తకాలు పిల్లల చేతికి ఇస్తారా అని. భయం సహజమే, దాన్ని ఎగతాళి చేయకూడదు. ఎ. రేవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’ను పి. సత్యవతి తెలుగు చేస్తే 2019కి సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. అది పన్నెండేళ్ల పిల్లకు పుస్తకం కాదు. పదిహేడేళ్ల పాఠకుడు చదవగలడా అంటే, ఆ వయసులో ఎదుటి మనిషిని తరగతి గదిలో వెక్కిరించడం కన్నా చదవడం మేలు. 12–15, 15–18 అని రెండు వరసలుగా సర్దితే చాలా తగవులు అక్కడే తీరతాయి. మిగిలిన వాటికి ఒక సూత్రం చాలు: తన బిడ్డ ఏం చదవాలో చెప్పే హక్కు తల్లిదండ్రులకు ఉంది, ఊళ్లో పిల్లలందరి తరఫునా చెప్పే హక్కు లేదు. ఈ గీత చెరిగితే ఏమవుతుందో అమెరికాలో కనిపిస్తోంది. అక్కడి గ్రంథాలయ సంఘం లెక్క ప్రకారం 2023లో తొలగించమని ఫిర్యాదులు వచ్చిన పుస్తకాలు 4,240. వాటిలో సగానికి కాస్త తక్కువ శ్వేతేతర జాతుల వాళ్ల గురించో, భిన్న లైంగికత ఉన్నవాళ్ల గురించో చెప్పేవి. దుమారం రేగాక నియమాలు రాసుకోవడం కుదరదు. ఏ ప్రాతిపదికన ఎంచాం, అభ్యంతరం ఉంటే ఎవరికి రాసివ్వాలి, ఎన్నాళ్లలో జవాబు వస్తుంది అన్నది ముందే కాగితం మీద ఉంటే, వంద మంది వచ్చి బల్ల చుట్టూ నిలబడ్డ రోజున లైబ్రేరియన్ ఒంటరి కాడు.

ఇక డబ్బు. స్థానిక సంస్థలు సెస్సు బకాయి పడ్డ చోట జీతాలకే కటకట అన్నది నిజం, ఆ బకాయిలు రాబట్టడం వేరే పోరాటం. కానీ ఈ అరకు అయ్యే ఖర్చు అంత పెద్దది కాదు. తెలుగు కథల పుస్తకం సగటున రెండు వందల రూపాయలు అనుకుంటే, రెండు వందల పుస్తకాలకు 40 వేలు. జిల్లా సంస్థ ఒక వారోత్సవం మీద, ఒక భవనం రంగుల మీద పెట్టే ఖర్చు పక్కన ఇది పెద్ద మొత్తమేమీ కాదు. అసలు కొరత ఆ 40 వేలను ఖర్చు పెట్టే అధికారం కింది స్థాయిలో లేకపోవడమే.

ముందు లెక్క, తర్వాత కొనుగోలు

కాబట్టి మొదలు పెట్టాల్సింది కొత్త పుస్తకాలతో కాదు, పాత రిజిస్టర్‌తో. ప్రతి శాఖలో అక్సెషన్ రిజిస్టర్ ఉంటుంది. కొన్న తేదీ, రచయిత, పేరు, ప్రచురణకర్త, ధర అన్నీ వరసగా రాసి ఉంటాయి. గత అయిదేళ్లలో చేరినవి తీసి, 12–18 ఏళ్ల వాళ్లు చదవదగ్గవి ఎన్ని, వాటిలో ఆడవాళ్లు రాసినవి ఎన్ని, దళిత, ఆదివాసీ, ముస్లిం జీవితాలు ఉన్నవి ఎన్ని, ఉర్దూలోనో స్థానిక ఆదివాసీ భాషలోనో ఉన్నవి ఎన్ని అని లెక్కిస్తే ఒక వారం పని. లారిక్ 1965లో చేసిన దానికన్నా ఇది తేలిక, ఎందుకంటే రాసి పెట్టిన పుస్తకం మన దగ్గర ఉంది. ఆ లెక్క తేలాక పుస్తక నిధిలో ఒక నిర్దిష్ట వాటాను శాఖ స్థాయి కొనుగోలుకు వదలాలి. లైబ్రేరియన్, ఒక తెలుగు టీచరు, వసతి గృహం వార్డెన్, నలుగురు పిల్లలు కలిసి ఎంచాలి. ఆ నలుగురిలో ఇద్దరైనా ఆడపిల్లలు, ఒకరైనా గురుకుల విద్యార్థి ఉండాలి. ఏటా ఎవరూ ముట్టని పుస్తకాలు తీసేసి, అడిగినా దొరకని వాటికి చోటు ఇవ్వాలి. మొదట చెప్పుకున్న అంతర్జాతీయ సమాఖ్య మార్గదర్శకాలు కూడా ఎంపికలో యువ పాఠకుల భాగస్వామ్యమే కోరతాయి. పిల్లలు ఎంచితే సినిమా పుస్తకాలే కొంటారని ఎవరైనా అంటే, కొన్ని కొననివ్వండి. వాటి కోసం వచ్చిన పిల్లాడి కన్ను పక్క పుస్తకం మీద పడుతుంది.

ఈ పద్ధతిలో పొరపాట్లు జరుగుతాయి. ఒక ఊళ్లో ఎంపిక బాగుండదు, ఇంకో ఊళ్లో పెద్దలు పిల్లల పేరుతో తామే ఎంచేస్తారు. అయినా కింద జరిగే పొరపాటు ఒక శాఖకు పరిమితం, మరుసటి ఏడు దిద్దుకోవచ్చు. పైన జరిగే పొరపాటు రాష్ట్రం మొత్తానికీ ఒకేసారి వెళ్తుంది, ఎవరూ దిద్దరు. రెండు రాష్ట్రాల్లోని శాఖలన్నీ ఇలా కొనడం మొదలు పెడితే, చిన్న ప్రచురణకర్తకు ఏటా వచ్చే కొనుగోలుదారు దొరుకుతాడు. గోండిలోనో లంబాడీలోనో పదిహేనేళ్ల వాళ్ల కోసం రాయాలనుకున్న రచయితకు చదివేవాళ్లున్నారన్న నమ్మకం కలుగుతుంది. పుస్తకాలు లేవు కాబట్టి కొనడం లేదన్న మాట, కొనడం లేదు కాబట్టి పుస్తకాలు లేవన్న మాట ఒకదాన్నొకటి పట్టుకుని తిరుగుతున్నాయి. ఆ చక్రాన్ని తెంపగలిగింది ప్రజల డబ్బుతో కొనేవాళ్లే. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి, వ్యాసరచన, వక్తృత్వం, ముగ్గుల పోటీలు పెడతారు. ఈసారి ప్రతి శాఖా తన అయిదేళ్ల లెక్కను గోడ మీద అంటిస్తే చాలు. ఏ పిల్లలకు ఎన్ని పుస్తకాలున్నాయో సెస్సు కట్టినవాళ్లే చదువుకుంటారు, మిగతా ప్రశ్నలు వాళ్లే అడుగుతారు.